కాలనీ సంఘం మీటింగుకు జనం వస్తలేరు, ఎక్కడ మొదలుపెట్టాలె?

గల్లీ_నంబర్_4
హన్మకొండల ఒక కాలనీ, 180 ఇండ్లు. సంఘం ఉన్నది, కొత్త కమిటీ ఈ మధ్యనే వచ్చింది. మీటింగ్ పెడితే 15 మంది కూడ కూసోరు, అండ్ల సగం కమిటీవాళ్లే. నెలకు 200 చందా సగం ఇండ్లు ఇస్తలేవు. వాట్సాప్ గ్రూపుల మాత్రం రోజూ లొల్లి. మోరీ నిండింది, లైటు వెలుగుతలేదు అని పోస్టు పెట్టినోళ్లనే మీటింగుకు రమ్మంటే రారు. జనాన్ని ఒక్కతాటి మీదికి తెచ్చుడు ఎట్ల? సంఘాలు నడిపించేటోళ్లు, నేర్పేటోళ్లు ఇక్కడ మస్తుమంది ఉన్నరు. ఫస్ట్ ఏం చెయ్యాలె, తర్వాత ఏం చెయ్యాలె, వరుసగ చెప్పుండ్రి.

పొదుపు_పద్దు
180 ఇళ్లను ఒకే ముద్దగా చూడకండి. గల్లీల వారీగా 20 ఇళ్లకు ఒక జట్టు చెయ్యండి, తొమ్మిది జట్లు అవుతాయి. మహిళా సంఘంలో 10 నుంచి 15 మందినే ఎందుకు పెడతారంటే, అంతమందిలో అయితే ప్రతి ఒక్కరి నోరూ తెరుచుకుంటుంది. వందమంది కూర్చున్న చోట నలుగురే మాట్లాడతారు, మిగతావాళ్లు ఇంటికి పోయాక మాట్లాడతారు. ఊళ్లల్లో సంఘాలన్నీ కలిసి గ్రామైక్య సంఘం, అవి కలిసి మండల సమాఖ్య, పైన జిల్లా సమాఖ్య. మీకు అంత నిచ్చెన అక్కర్లేదు, గల్లీ జట్టు, కమిటీ, రెండు మెట్లు చాలు.

ప్రతి గల్లీ నుంచి ఇద్దరు ప్రతినిధులు, ఒక మగ, ఒక ఆడ. వాళ్లను కమిటీ నియమించొద్దు. ఆ 20 ఇళ్లవాళ్లు గల్లీలోనే నిలబడి అరగంటలో ఎన్నుకోవాలి. కమిటీ పెట్టిన మనిషైతే కమిటీ మాట గల్లీకి మోస్తాడు, గల్లీ ఎన్నుకున్న మనిషైతే గల్లీ మాట కమిటీకి తెస్తాడు. మీకిప్పుడు లేనిది ఆ రెండో దారే.

అంతకంటే ముందు ఇంటింటికీ వెళ్లండి. ఇద్దరిద్దరుగా, అందులో ఒక ఆడమనిషి తప్పనిసరి, లేకపోతే పగటిపూట చాలా ఇళ్లల్లో మాట గేటు దగ్గరే ఆగిపోతుంది. పది నిమిషాలకు మించి కూర్చోవద్దు. మూడే ప్రశ్నలు: ఈ గల్లీలో మిమ్మల్ని ఎక్కువ ఇబ్బంది పెడుతున్నదేంటి? దానికి మీ చేతనైన సాయం ఏది? మీకు ఏ రోజు, ఏ టైం వీలవుతుంది? విన్నది వాళ్ల ముందే నోటుబుక్కులో రాయండి. అక్కడ వాదన వద్దు, హామీ అసలే వద్దు.

కాజీపేట_జంక్షన్
ఇంటింటికి పోతే చందా కోసమే వచ్చిండ్రనుకొని లోపటి నుంచే "సారు లేడు" అంటరు.

పొదుపు_పద్దు
@కాజీపేట_జంక్షన్ అందుకే మొదటి విడతలో రసీదు బుక్కు వెంట తీసుకుపోవద్దు. వాళ్లే ఇస్తామన్నా "ఇప్పుడు వద్దు, లెక్క మీ చేతికొచ్చాక ఇవ్వండి" అనాలి. ఆ మాట గల్లీ అంతా పాకుతుంది.

మోరీ_ముచ్చట
సర్వేలు, జట్లు అన్నీ మంచియే గని జనానికి ఫస్ట్ పని కనవడాలె. నాలుగు ముచ్చట్లు అడిగి నెల రోజులు ఏం చెయ్యకపోతే ఉన్న నమ్మకం గూడ పోతది. తిరుగుడు అయిపోయిన రెండు వారాల్ల ఒక్క పని పూర్తి చేసి చూపియ్యుండ్రి. పెద్దది పెట్టుకోవద్దు. సీసీ రోడ్డు, అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ అసొంటియి కార్పొరేషన్ చేతుల ఉంటయ్, మీ చేతుల ఉండయ్. మోరీ మీద పలిగిన బండ మార్చుడు, మూల మీద చెత్త కుప్ప ఎత్తించి అక్కడ నాలుగు మొక్కలు పెట్టుడు, వెలుగని లైట్ల లిస్టు చేసి ఇచ్చుడు, గివి.

లైట్ల కంప్లైంటు గూడ ఎట్లవడితే అట్ల ఇస్తే కాదు. "మా కాలనీల లైట్లు వెలుగుతలేవు" అని రాస్తే ఎలక్ట్రీషియన్ వచ్చి ఏ స్తంభం ఎక్కాలె? సాయంత్రం 7 గంటలకు గల్లీ గల్లీ తిరిగి స్తంభం నంబరు, అది ఎవరి ఇంటి ముందట ఉన్నది, లైటు మొత్తానికే వెలుగుతలేదా, మినుకు మినుకుమంటుందా, పగలు గూడ వెలుగుతుందా రాయాలె. మొత్తం వెలుగకపోతే ఒక రిపేరు, పగలు వెలిగితే ఇంకో రిపేరు, సామాను వేరే ఉంటది. లిస్టు రెండు కాపీలు చేసి, ఒకదాని మీద ముట్టినట్టు సంతకం తేది తీసుకోవాలె. ఆ కాపీ ఫొటో గ్రూపుల వెయ్యాలె.

యూత్_అడ్డా
మోరీ_ముచ్చట అన్నా, మీ పేరుకు తగ్గ పోస్టు 😄

పొదుపు_పద్దు
@మోరీ_ముచ్చట పని కనబడాలన్నది ఒప్పుకుంటా. కానీ ఆ పని కమిటీ చేసి పెడితే జనం ఇంకింత దూరం జరుగుతారు. "మన వాళ్లున్నారు, చూసుకుంటారు" అని కూర్చుంటారు, రెండో నెల లైటు పోతే కమిటీని తిడతారు. బండ మార్చడానికి మేస్త్రీని పిలిచేది, పక్కన నిలబడేది, డబ్బు లెక్క రాసేది ఆ గల్లీవాళ్లే కావాలి. కమిటీ ఖర్చు మంజూరు చేసి తప్పుకోవాలి.

మోరీ_ముచ్చట
గదైతే కరెక్టే అక్కా. ఒక షరతు: గల్లీవాళ్లు చేస్తుంటే కమిటీ అధ్యక్షుడు వచ్చి ఫొటోకు నిలవడొద్దు. ఫొటోల పని చేసినోళ్లే ఉండాలె.

పరకాల_టీచర్
మీటింగ్ గురించి ఇంకా ఎవరూ రాయలేదు. 15 మందే వచ్చినా ఆ గంట సరిగ్గా నడిస్తే వచ్చే నెల 30 మంది అవుతారు. వచ్చినవాళ్లు "టైం వేస్ట్" అనుకుంటూ పోతే 15 కాస్తా 8 అవుతుంది.

ఎజెండాలో మూడు అంశాలకు మించొద్దు. ఒక్కోదాని పక్కన నిమిషాలు రాయండి. 10 పాత తీర్మానాలకు, 10 జమాఖర్చుకు, 30 ఈ నెల అసలు విషయానికి, చివరి 10 ఎజెండాలో లేనివి కొత్తగా ఎవరైనా అడిగితే వాటికి. చెప్పిన టైంకి మొదలుపెట్టాలి, ఆరుగురు ఉన్నా సరే. ఆలస్యంగా వచ్చినవాళ్ల కోసం మళ్లీ మొదటి నుంచి చెప్పడం మొదలైందంటే టైంకి వచ్చినవాళ్లను శిక్షించినట్టే, వాళ్లు వచ్చే నెల నుంచి ఆలస్యంగా వస్తారు. కుర్చీలు గుండ్రంగా వెయ్యండి, స్టేజీ, టేబులు, శాలువా వద్దు. వరుసలు వేస్తే ఆడవాళ్లు వెనక వరుసలోకి పోతారు, వెనక వరుస నుంచి మాట బయటికి రాదు. సభ నడిపే మనిషి తన అభిప్రాయం చివర్లో చెప్పాలి. అధ్యక్షుడు మొదటే "నేననుకునేదేంటంటే" అన్నాడంటే మిగతావాళ్లకు తలూపడమే మిగులుతుంది.

అందరికంటే తక్కువ మాట్లాడే ఇద్దరిని గుర్తుపెట్టుకుని పేరు పెట్టి అడగండి, కానీ "మీ అభిప్రాయం?" అని కాదు. ఆ ప్రశ్నకు "ఏం లేదు, మీరన్నదే" అన్న జవాబే వస్తుంది. "మీ గల్లీలో నల్లా నీళ్లు ఎన్నింటికి వస్తున్నాయి?" అని వాళ్లకు తెలిసిన సంగతి అడగండి, అక్కణ్నుంచి మాట సాగుతుంది.

కాజీపేట_జంక్షన్
టైం గూడ చూసుకోవాలె. ఆదివారం పొద్దుగాల మీటింగ్ పెడితే కోరం మటన్ దుకాణం కాడ నిండుతది 😀 ఆదివారం సాయంత్రం 5 నుంచి 6 మంచిది. పెండ్లి ముహూర్తాలు ఉన్న రోజు, నల్లా వచ్చే టైం తప్పియ్యాలె. ఎప్పుడైనా "ప్రతి నెల రెండో ఆదివారం" అని ఫిక్స్ చేస్తే నోటీసు రాకున్నా యాదికుంటది.

జమాఖర్చు
తీర్మానాల పుస్తకం గురించి. చాలా సంఘాల్లో "పారిశుద్ధ్యంపై చర్చించడమైనది" అని రాస్తారు. ఆ వాక్యంతో ఎవరూ ఏ పనీ చెయ్యలేరు. ఇలా రాయాలి:

"తీర్మానం 3. నాలుగో గల్లీ చివర మోరీ మీద పగిలిన బండ మార్చాలి. బాధ్యత: నాలుగో గల్లీ ప్రతినిధులు ఇద్దరు. గడువు: ఈ నెల 20. ఖర్చు: 1,800 లోపు, సంఘం ఖాతా నుంచి."

ఏం పని, ఎవరు, ఎప్పటిలోగా, ఎంతలో. నాలుగింటిలో ఒకటి తగ్గినా అది తీర్మానం కాదు. సభ ముగిసేముందు అక్కడే చదివి వినిపించి సంతకాలు తీసుకోవాలి. ఇంటికెళ్లి తీరిగ్గా రాస్తే రాసేవాళ్లకు నచ్చినట్టు మారుతుంది. వచ్చే నెల మొదటి పది నిమిషాలు ఇవే చదవాలి: అయింది, కాలేదు, ఎందుకు కాలేదు. కాని పనికి తిట్టొద్దు, "ఏం అడ్డమొచ్చింది, ఎవరి సాయం కావాలి" అని అడిగి కొత్త గడువు రాయండి. రెండోసారీ కాకపోతే బాధ్యత వేరేవాళ్లకు మార్చండి. ఇందులో మొహమాటం పనికిరాదు.

గల్లీ_నంబర్_4
@జమాఖర్చు మస్తు క్లియర్‌గ ఉన్నది. చందా సంగతి గూడ చెప్పుండ్రి. ఇవ్వనోళ్ల పేర్లు బోర్డు మీద పెడదామని కమిటీల ఇద్దరు గట్టిగ అంటున్నరు.

ఆర్మూర్_పసుపు
పెట్టాలె. భయం లేకుంట పైసలు రావు. మా దిక్కు గ్రామాభివృద్ధి కమిటీ (వీడీసీ) మాటంటే మాటే. సర్వ సమాజ్ కూసుంటది, అన్ని కులాల పెద్దలుంటరు, తీర్మానం అయినంక ఎవరైనా కట్టాల్సిందే. గుళ్లు, ఫంక్షన్ హాళ్లు, రోడ్లు గట్లనే అయినయ్.

జమాఖర్చు
@ఆర్మూర్_పసుపు మీ దిక్కు వీడీసీలు కట్టించినవి కండ్లకు కనబడుతున్నాయి, కాదనను. కానీ అదే కమిటీలు జరిమానాలు వెయ్యడం, కట్టనివాళ్లను సాంఘిక బహిష్కరణ చెయ్యడం, ఆ ఇంటికి కిరాణం ఇవ్వొద్దు, పనికి పోవద్దు అని చాటించడం, చివరికి పోలీసు కేసులు కావడం కూడా నిజామాబాద్, జగిత్యాల, నిర్మల్ వార్తల్లో ఎప్పుడూ ఉండేదే. పంచాయతీకి చట్టం ఉంది, వీడీసీకి చట్టబద్ధత లేదు. వెలి పెట్టే హక్కు ఎవరికీ లేదు. అలా వచ్చిన ఐక్యతలో ఎవరూ లెక్క అడగలేరు. లెక్క అడగలేని చోట డబ్బు ఎటుపోయిందో ఎవరికీ తెలియదు.

ఆర్మూర్_పసుపు
బహిష్కరణను నేను సమర్థిస్తలేను. కాని మీరు మంచి మాటలు చెప్పుకుంట కూసుంటే కట్టినోడు కట్టనోణ్ని చూసి వాడూ బంద్ చేస్తడు. దానికేం చెప్తరు?

జమాఖర్చు
న్యాయమైన ప్రశ్న. చందా కట్టనివాళ్లు మూడు రకాలు. లెక్క తెలియక నమ్మనివాళ్లు, నిజంగా ఇబ్బందిలో ఉన్నవాళ్లు, ఎగ్గొట్టేవాళ్లు. మొదటి రకమే ఎక్కువ. పేర్లు బోర్డు మీద పెడితే మూడో రకం నవ్వుకుంటారు, మొదటి రెండు రకాలు శాశ్వతంగా దూరమవుతారు.

పేర్లకు బదులు ఆ బోర్డు మీద లెక్క పెట్టండి. ప్రతి నెల 5లోపు ఒకే పేజీ: పోయిన నెల నిల్వ, ఈ నెల జమ, ఖర్చు ఒక్కో పద్దుగా, చేతిలో నగదు, బ్యాంకులో నిల్వ. కింద కోశాధికారితో పాటు కమిటీలో లేని ఒక సభ్యుడి సంతకం. ఆ సభ్యుడు ప్రతి నెలా మారాలి. అలా తిరిగితే రెండేళ్లలో పాతికమంది దాకా పాస్‌బుక్కు తమ కండ్లతో చూసినవాళ్లవుతారు, ఇక పుకారుకు చోటుండదు.

రసీదు బుక్కుకు వరుస నంబర్లు, కౌంటర్‌ఫాయిల్ ఉండాలి. ఎన్ని బుక్కులు అచ్చు వేయించారో తీర్మానంలో రాయాలి. చేతిలో నగదు 2,000 దాటకూడదు, దాటితే మరుసటి పనిదినం బ్యాంకులో పడాలి. ఖాతా సంఘం పేర ఉండి, అధ్యక్ష, కార్యదర్శి, కోశాధికారి ముగ్గురిలో ఇద్దరి సంతకం ఉంటేనే డబ్బు బయటికి రావాలి. సంఘం డబ్బు ఎవరి సొంత ఫోన్ నంబరుకూ ఫోన్‌పే చేయించొద్దు. ఆ మనిషి ఎంత నిజాయితీపరుడైనా సరే, సొంత డబ్బు సంఘం డబ్బు ఒకే ఖాతాలో కలిశాక ఆరు నెలల తర్వాత ఆయనే విడదీయలేడు. సంఘం ఖాతాకే క్యూఆర్ తీసుకోండి.

ఎగ్గొట్టేవాళ్ల మాటకొస్తే, బైలాలో (సంఘం నియమావళిలో) ఒక్క వాక్యం చాలు: మూడు నెలల బాకీ ఉన్న ఇంటికి సర్వసభ్య సమావేశంలో మాట్లాడే హక్కు ఉంటుంది, ఓటు ఉండదు. నోరు మూయించొద్దు, ఓటు ఆపితే చాలు. ఇబ్బందిలో ఉన్న ఇంటికి మాఫీ చేసే అధికారం గల్లీ ప్రతినిధులకు ఇవ్వండి, పేరు బయటికి రానివ్వకండి.

ఆర్మూర్_పసుపు
ఓటు ఆపుడు బాగున్నది. మాట్లాడే హక్కు ఉంచుమన్నది ఇంకా బాగున్నది.

యూత్_అడ్డా
వినాయక చందా, బతుకమ్మ చందా కూడ ఇదే ఖాతాలనా?

జమాఖర్చు
కలపొద్దు. పండుగ చందాకు వేరే రసీదు బుక్కు, వేరే లెక్క. నిమజ్జనం అయిన వారంలోపు దాని జమాఖర్చు బోర్డు మీద పడాలి. మిగిలింది సంఘంలో వెయ్యాలా, వచ్చే ఏడాదికి దాచాలా అన్నది పండుగ కంటే ముందే తీర్మానం చేసుకోండి. మిగిలిన తర్వాత మొదలయ్యే చర్చ గొడవతోనే ముగుస్తుంది.

కిరాయి_గది
ఎవరూ అడుగుతలేరు గని, హన్మకొండ కాలనీల్లో కిరాయికి ఉండేటోళ్లు ఎంతమంది? కోచింగ్ పిల్లలు, నర్సులు, ప్రైవేటు టీచర్లు. సంఘాలు ఓనర్లయే ఉంటయ్. ఓనర్ హైదరాబాదుల ఉంటడు, మోరీ వాసన మాకొస్తది, ఓటు ఆయనకుంటది. మమ్మల్ని గ్రూపుల గూడ కలపరు.

మోరీ_ముచ్చట
కిరాయోళ్లు యాడాదికో ఇల్లు మారుతరు తమ్మీ. వాళ్లకు ఓటిస్తే దీర్ఘకాలం పనుల మీద తీర్మానం ఎట్ల?

కిరాయి_గది
రోడ్డు వెడల్పు, స్థలం కొనుడు అసొంటి వాటి మీద ఓటు అడుగుతలేను అన్నా. చెత్త, నీళ్లు, లైట్లు, కుక్కలు, రాత్రి భద్రత, వీటి మీద ఆ ఇండ్లల్ల ఉండేటోళ్ల మాట వినాలె గదా. గల్లీ జట్టుల ఉన్న ఇంటికి ఒక ఓటు, ఆ ఇంట్ల ఎవరుంటే వాళ్లు ఎయ్యాలె. ఆస్తి ముచ్చట సర్వసభ్య సమావేశంల ఓనర్లు చూసుకోవాలె.

పొదుపు_పద్దు
@కిరాయి_గది చెప్పిన విభజన అమలయ్యేదే. గల్లీ స్థాయిలో నివాసం, సంఘం స్థాయిలో సభ్యత్వం. ఒక లాభం కూడా ఉంది: కంప్యూటర్ మీద లెక్కలు, పోస్టర్లు, ఫారాలు చెయ్యగలిగే పిల్లలు ఆ కిరాయి గదుల్లోనే ఉన్నారు. పని ఇవ్వండి, పేరు పెట్టి పిలవండి.

మత్తడి
కిరాయోళ్లను లెక్కలకు తీసుకోకపోతే ఏమైతదో వరద చెప్తది. 2023 జులైల హంటర్ రోడ్డు దిక్కు ఎన్టీఆర్ నగర్, సంతోషిమాత కాలనీ మునిగినయ్. అంతకుముందు 2020 ఆగస్టుల నయీంనగర్ నాలా పొంగింది. అసొంటి రాత్రి కిందింట్ల ఎవరున్నరు, మంచం మీద ఎవరున్నరు అన్నది పక్కింటోళ్లకు తెలువకుంటే బోటు వచ్చినా ఏ తలుపు కొట్టాలె?

గల్లీకి ఒక కాగితం తయారుచెయ్యాలె, వానకాలానికి ముందే, మే నెలల. ఇంటి నంబరు, ఎంతమంది, కింద ఉంటున్నరా పైన ఉంటున్నరా, నడవలేనోళ్లు, పసిపిల్లలు, ఫ్రిజ్జుల పెట్టాల్సిన ఇన్సులిన్ అసొంటి మందులు, ఇంకో ఊరిల ఉన్న చుట్టం ఫోన్ నంబరు. కాగితం చివర్ల మూడు పేర్లు: గల్లీల పెద్ద బండి ఎవరికున్నది, రెండంతస్తుల ఇల్లు ఎవరిది, మెయిన్ కరెంటు బంద్ చేయించేతందుకు లైన్‌మన్‌కు ఫోన్ చేసేది ఎవరు. నీళ్లు మోకాలు దాటినంక ఎవరికి ఎవరు ఫోన్ చెయ్యాలె అని ఆలోచిస్తే ఆలస్యమైతది, కిందింటోళ్లను పైకి ఎక్కించుడు నీళ్లు గడప తాకకముందే కావాలె. ఈ కాగితం వాట్సాప్‌ల పెట్టొద్దు. ముసలోళ్లు ఒంటరిగ ఉన్న ఇండ్లేవో అందరికి చెప్పినట్టయితది. గల్లీ ప్రతినిధులిద్దరి దగ్గర రెండు కాపీలు, అంతే. ఆరు నెలలకోసారి మార్చి రాయాలె, కిరాయోళ్లు మారుతరు గదా.

నేనైతే సంఘం పెట్టుకునేదే దీనికోసం అంటా. చందాల లొల్లి తర్వాత.

గల్లీ_నంబర్_4
@మత్తడి అన్నా ఇది మొదటి పనిగ పెట్టుకుంటం. ఇంటింటికి తిరిగేటప్పుడే రాసుకోవచ్చు గదా?

పొదుపు_పద్దు
మొదటి విడతలో వద్దు. గుమ్మం ముందు నిలబడ్డ కొత్త మనిషికి ఇంట్లో ఎవరు ఒంటరిగా ఉంటారో ఎందుకు చెప్తారు? గల్లీ ప్రతినిధులు ఎన్నికయ్యాక వాళ్లే రాయాలి.

పరకాల_టీచర్
వాట్సాప్ మాట వచ్చింది కాబట్టి. గ్రూపులు రెండు చెయ్యండి. ఒకటి నోటీసులకే, అడ్మిన్లు మాత్రమే పోస్టు చేసేలా సెట్టింగు మార్చండి: మీటింగు, లెక్క, కరెంటు కోత, నీళ్లు. అందులో గుడ్ మార్నింగులు రానప్పుడు జనం మ్యూట్ చెయ్యరు. రెండోది మాట్లాడుకునే గ్రూపు. ఏ నిర్ణయమూ వాట్సాప్‌లో చెయ్యొద్దు. బొటనవేలు గుర్తులు లెక్కపెట్టి "అందరూ ఒప్పుకున్నారు" అంటే ఫోన్ చూడని పెద్దవాళ్లు, ఒకే ఫోన్ ఉన్న ఇళ్లు బయటపడిపోతాయి. నోటీసు కాగితం మీద కూడా అంటించాలి.

గొడవ మొదలైతే మూడో మెసేజీ దాటకముందే ఫోన్ చెయ్యాలి. రాతలో గొంతు వినబడదు. "మోరీ ఎప్పుడు తీస్తరు?" అన్నది ఒకరు మామూలుగా అడిగితే ఇంకొకరికి ఎత్తిపొడుపులా కనబడుతుంది. ఫోన్‌లో "అన్నా, మీరనేది మోరీ తీసినా చెత్త ఒడ్డునే వదిలేస్తున్నరనే కదా?" అని ఆయన మాటను మీ మాటల్లో తిరిగి చెప్పండి. "అవును, అదే" అనేదాకా మీ వాదన మొదలుపెట్టొద్దు. సగం గొడవలు అక్కడే తీరుతాయి, ఎందుకంటే సగం మంది అడిగేది పరిష్కారం కాదు, తమ మాట చేరిందని తెలియడం. తర్వాత అదే విషయం ఎజెండాలో ఆయన పేరుతో పెట్టండి.

కాజీపేట_జంక్షన్
ప్రతి మీటింగుల అరగంట మైకు వదలని పెద్దమనిషి ఒకలు ఉంటరు. ఆయనకేం మందు?

పరకాల_టీచర్
ఆయనకు అనుభవం ఉంటుంది, ఆ అనుభవానికి సరైన పని దొరకదు, అందుకే మాటగా బయటికొస్తుంది. అందరికీ రెండు నిమిషాలే అన్న నియమం సభ మొదట్లోనే చెప్పండి, ఆయన లేచాక చెప్తే అవమానం. టైం చూసే బాధ్యత ఒక టెన్త్ పిల్లకు ఇవ్వండి, చిన్నపిల్ల గంట కొడితే ఎవరికీ కోపం రాదు. ఇంకా అయిపోకపోతే "సార్, ఇది కాగితం మీద రాసివ్వండి, వచ్చే నెల మొదటి అంశంగా పెడతాం" అనండి. రిటైర్డ్ ఉద్యోగి అయితే కార్పొరేషన్ దరఖాస్తులు రాసే పని ఆయనకే ఇవ్వండి. ఫైలు ఎటు నడుస్తుందో మనకంటే ఆయనకే ఎక్కువ తెలుసు.

యూత్_అడ్డా
మాకేమో మాట్లాడాలని ఉంటది, లేచి నిలవడితే కాళ్లు వణుకుతయ్. పిల్లలను లీడర్లు చేసే ముచ్చట ఎవరన్నా చెప్పుండ్రి టీచరమ్మా.

పరకాల_టీచర్
ఉపన్యాసంతో మొదలుపెట్టొద్దు, చదవడంతో మొదలుపెట్టాలి. మొదటి నెల పాత తీర్మానాలు చదివి వినిపించే పని. రెండో నెల లెక్క చదివి, ఎవరైనా ప్రశ్న అడిగితే "కనుక్కుని చెప్తాను" అనడం. ఈ రెండో మాట చాలా కష్టం, చాలామంది నాయకులకే రాదు, తెలియనిదానికి అప్పటికప్పుడు ఏదో ఒకటి చెప్పేస్తారు. మూడో నెల ఒక్క అంశం మీద మూడు నిమిషాలు: సమస్య ఏంటి, ఎవరికి నష్టం, ఏం చేద్దాం. అంతే, రాసుకొచ్చి చూసి చెప్పినా తప్పులేదు. నాలుగో నెల ఒక అంశానికి సభ నడపడం. ముగిశాక పెద్దవాళ్లలో ఒకరే పక్కకు పిలిచి మాట్లాడాలి, పదిమంది సలహాలు వద్దు. బాగున్నది ఒకటి, మార్చుకోవాల్సింది ఒకటి, రెండూ కచ్చితంగా. "బాగా మాట్లాడినవ్" అంటే ఏమీ నేర్పినట్టు కాదు. "ఖర్చు అంకె చెప్పేటప్పుడు గొంతు తగ్గించినవ్, వెనకవాళ్లకు వినబడలే" అంటే వచ్చేసారి సరిచేసుకుంటారు.

వాళ్లకు పుస్తకాల భాష రానక్కర్లేదు. ఇంట్లో మాట్లాడే మాటతోనే మాట్లాడనివ్వండి. "చేయబడును, గావించడమైనది" అని మొదలుపెట్టమంటే పిల్లలు పారిపోతారు.

ముల్కనూరు_బాట
నాయకుడు ముఖ్యమా, పద్ధతి ముఖ్యమా అని ఇక్కడ రెండు ముక్కలైనట్టున్నది చర్చ. భీమదేవరపల్లి మండలం ముల్కనూరు చూడుండ్రి. సహకార గ్రామీణ బ్యాంకు 1956ల మొదలైంది, అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి గారు మొదలుపెట్టిన్రు. ఎన్నో సహకార సంఘాలు పెట్టినాయన పోంగనే కూలినయ్, ఇది ఆయన తర్వాత గూడ నిలిచింది. సభ్యుల పొదుపు అందుల ఉన్నది కాబట్టి సభ్యులు అడుగుతరు, ఏటేటా మహాజన సభల లెక్క వినవడతది. అక్కడనే తర్వాత మహిళల డెయిరీ వచ్చింది, స్వకృషి పాలంటే మనందరికి తెలుసు. డెయిరీ కంటే ముందు ఆ ఊళ్ల ఆడవాళ్లు ఏండ్ల తరబడి పొదుపు సంఘాలు నడిపిన్రు. పుస్తకం రాసుడు, సభ నడుపుడు, అప్పు అడిగినోళ్లకు కాదని చెప్పుడు అక్కడ నేర్చుకున్నరు. తర్వాతనే పాలు. మనం వెనుకముందు చేస్తం, ఫస్ట్ పెద్ద ప్రాజెక్టు, తర్వాత మనుషులు.

గీసుగొండ దిక్కు గంగదేవిపల్లిల గూడ అంతే. ఒక్కో పనికి ఒక్కో కమిటీ, నీళ్లకు నీళ్ల కమిటీ, శుభ్రతకు శుభ్రత కమిటీ. సర్పంచ్ ఒక్కడే అన్నీ మొయ్యడు, ఊర్ల చానమంది ఏదో ఒక కమిటీల బాధ్యత మోసినోళ్లే ఉంటరు.

మోరీ_ముచ్చట
@ముల్కనూరు_బాట కాని అక్కడ మొదట ఒక గట్టి మనిషి లేకపోతే ఏదీ మొదలు కాకపోయేది. దాన్ని కాదంటరా?

ముల్కనూరు_బాట
కాదన. మొదలుపెట్టుడు ఒక మనిషితోనే అయితది. నేననేది, ఆ మనిషి మొదటి దినం నుంచే తన పక్కన ఇంకొకర్ని కూసోవెట్టాలె. బైలాల పదవి రెండేండ్లు, వరుసగ రెండుసార్లకు మించొద్దు అని రాసుకోవాలె. కార్యదర్శికి సహాయ కార్యదర్శి, కోశాధికారికి సహాయకుడు పేరుకు కాదు, మూణ్నెల్లకోసారి అసలోళ్లు సభకు రాకుండ ఆగి, సహాయకుల చేత నడిపియ్యాలె. ఎక్కడ తడవడుతరో అప్పుడు తెలుస్తది.

కాజీపేట_జంక్షన్
ఎలక్షన్లు వస్తే? సంఘం మీటింగుల పార్టీ కండువలు మొదలైతే అయిపాయె.

జమాఖర్చు
బైలాలోనే రాయండి. సంఘం సభలో పార్టీ జెండా, ఫ్లెక్సీ, కండువా వద్దు. కమిటీలో ఎవరైనా కార్పొరేటర్‌గా పోటీ చేస్తే నామినేషన్ రోజుకే రాజీనామా. ఏ పార్టీ అభ్యర్థి వచ్చినా అందరికీ ఒకే కాగితం ఇవ్వండి, కాలనీ సమస్యల జాబితా, స్తంభం నంబర్లతో సహా. "గౌరవాధ్యక్షుడు" పదవి పెట్టొద్దు, ఆ కుర్చీ రాజకీయాలకే తెరిచిన తలుపు.

రిజిస్ట్రేషన్ ఉందో లేదో కూడా చూసుకోండి. ఇప్పుడు సంఘాలు 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదవుతాయి, కనీసం 7గురు సభ్యులు కావాలి. పాత సంఘమైతే నిజాం కాలం నాటి 1350 ఫస్లీ చట్టం కింద నమోదై ఉండొచ్చు, సర్టిఫికెట్ మీద ఆ అంకె కనబడితే కంగారుపడొద్దు. ఏటా సర్వసభ్య సమావేశం తర్వాత కొత్త కమిటీ జాబితా జిల్లా రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చెయ్యాలి. చాలా కాలనీలు ఇదే మరిచిపోతాయి. తర్వాత బ్యాంకులో సంతకాలు మార్చాలంటే పాత కమిటీ పేర్లే రికార్డులో ఉంటాయి, కొత్తవాళ్లు డబ్బు తియ్యలేరు.

గల్లీ_నంబర్_4
చానా దొరికింది. ఈ నెల గల్లీలు విడదీసి ఇంటింటికి పోతం, రసీదు బుక్కు లేకుంట. ప్రతినిధుల ఎన్నిక అయినంక ప్రతి గల్లీకి ఒక చిన్న పని, మత్తడి అన్న చెప్పిన కాగితం. రెండో ఆదివారం సాయంత్రం 5కు సభ. ఒక్కటే అడ్డం: పాత కమిటీ రెండేండ్ల లెక్క ఇయ్యలే. ఫస్ట్ సభలనే నిలదీద్దామని కొందరు రెడీగ ఉన్నరు.

జమాఖర్చు
మొదటి సభలో వద్దు. నిలదీస్తే సగం కాలనీ పాతవాళ్ల వైపు, సగం కొత్తవాళ్ల వైపు నిలబడుతుంది, గల్లీ జట్లు పుట్టకముందే చీలుతాయి. బ్యాంకు స్టేట్‌మెంట్ తెచ్చుకుని, మీరు బాధ్యత తీసుకున్న తేదీ నాటి నిల్వను ప్రారంభ నిల్వగా రాసి తీర్మానం చెయ్యండి. మీ లెక్క ఆ తేదీ నుంచి శుభ్రంగా నడుస్తుంది. పాత లెక్కకు రెండు కమిటీల్లోనూ లేని ముగ్గురిని వెయ్యండి, వాళ్లలో ఒకరు పాతవాళ్లు సూచించిన మనిషి. 60 రోజులు గడువు. రసీదు దొరికిన ఖర్చుకు రసీదు జతచేసి, దొరకని ఖర్చుకు "రసీదు లేదు" అని రాసి, పనైందా లేదా అక్కడికి పోయి చూసి సంతకం చెయ్యాలి.

మోరీ_ముచ్చట
ఆ ముగ్గుర్ల ఒక మేస్త్రీనో, కాంట్రాక్టు తెలిసినోణ్నో పెట్టుండ్రి. మోరీకి ఎన్ని బస్తాల సిమెంటు పట్టిందో గోడ చూసి చెప్తడు.